సర్వీసు రిజిస్టరు

కాలేజీకి ఇరవై ఐదేండ్లు నిండినయట.
నున్నటి కాయిదం మీద చరిత్ర అచ్చేస్తున్నరు.
ఆఫీసు పిల్లగాడు షిబిన్ వచ్చి హిందీల అడిగిండు:
"లింగం భాయ్, పాత ఫోటోలేమన్న ఉన్నయా?"
ఫోటోలు లేవు.
నా తాన ఏసీల రిజిస్టర్లున్నయి, పదకొండు.

కాలేజీ కంటె ముందు నేనొచ్చిన సూర్‌కు.
అప్పుడిది ఐసు ఫ్యాక్టరీ.
తెల్లారగట్ల మూడింటికి చేపల పడవలు మలుపు తిరిగేవి,
బండలంత దిమ్మెలు దొర్లించేటోళ్ళం.
అరచేతులు కాలేవి.
చలికి గూడ కాలుతదని మెట్‌పల్లిల చెప్తె నవ్విండ్రు.

ఫ్యాక్టరీ మునిగింది. తాళాలు నా చేతిల పెట్టి సేటు పోయిండు.
ఒకనాడు సురయ్యా మేడం వచ్చింది,
ఓడలు నడిపిన నఖోదా మనుమరాలు.
ఖాళీ ఐసు గదిల నిలబడి అరబ్బీల ఏదో అన్నది.
గోడలు ఆ మాటను రెండుసార్లు తిప్పి చెప్పినయి.
"ఇక్కడనే," అన్నది.

మొదటి రిజిస్టరు, మొదటి పేజి:
గది ఒకటి. కిటికీ మిషను, టన్నున్నర.
పిల్లలు పంతొమ్మిది మంది.
ఊరోళ్ళు అడిగిండ్రు: నూనె బావుల చదువు కాదు,
డాక్టరీ కాదు, మరి ఏం నేర్పుతవమ్మా అని.
ఆమె చెప్పిన జవాబు నాకు తెల్వది.
కరెంటు బిల్లుకు గాజులమ్మింది తెలుసు,
రసీదు తెచ్చింది నేనే.

మూడో రిజిస్టరు.
తత్వం గదికి రెండు టన్నులది బిగించినం.
నిచ్చెన మీద ఫిల్టరు ఊడదీస్తున్న,
కింద సూడాను ఇద్రీస్ సారు పిల్లలను అడిగిండు:
"చలి అనేది ఒక వస్తువా? వేడి లేకపోవుడేనా?"
అర్ధగంట కొట్లాడిండ్రు.
నాకు నోరాగలె. వచ్చీరాని అరబ్బీల అన్న:
"చలిని ఎవ్వడు తయారు చెయ్యడు సారూ.
లోపటి వేడిని మోసుకపోయి బయట పారబోస్తం.
గంతే మా పని."
ఎవ్వరు మాట్లాడలె.
సారు సుద్దముక్క తెచ్చి నా నూనె చేతిల పెట్టిండు.
ఆ రోజు ఇట్ల రాసి ఉన్నది:
ఫిల్టరు కడిగిన. గ్యాసు సరిపోయింది. పాఠం చెప్పిన.

సంగీతం గది, జూన్ నెల:
మిషను మంచిగనే ఉన్నది, బంద్ పెట్టుమన్నరు.
దాని గుర్రు ఊద్ తీగల సప్పుడును మింగుతున్నదట.
చెమటలు కార్చుకుంట విన్నరు పిల్లలు.
తలుపవతల నేను గూడ.

తుఫాను ఏడు పుస్తకాల గదిల మోకాలు మట్టం నీళ్ళు.
ఫిలోమినా అక్క, నేను, హాస్టలు ఆడపిల్లలు,
పుట పుటకు నడుమ పాత పేపరు పెట్టి
పద్దెనిమిది రోజులు మిషను ఆపకుంట నడిపినం.
నిఘంటువుల ఉప్పు మరకలు ఇప్పటికీ ఉన్నయి,
తా నుంచి ఐన్ దాంక.

తర్వాత ఎండిన ఏండ్లు.
మస్కట్‌ల పెద్ద పెద్ద కాలేజీలు లేసినయి.
నాలుగు గదుల ముంగట "వాడుతలేరు" అని రాసిన.
ఐదో గదికి వచ్చేసరికి పెన్సిలుతోని రాసిన,
చెరుపుకోవచ్చు గదా అని.
రెండేండ్లకు చెరిపిన. మచ్చ పోలె.

షిబిన్ పదకొండూ తిరగేసిండు.
"ఇండ్ల చరిత్ర ఏది భాయ్?" అని
చాయ్ తాగి పోయిండు.

పుస్తకం వచ్చింది. బరువుగున్నది, మంచి వాసన.
ఇరవయ్యో పేజిల ఇద్రీస్ సారు నవ్వుతున్నడు,
ఎనుక నా నిచ్చెన రెండు కాళ్ళు.

ఈ పొద్దు ఒకటో గది పాత మిషను దించిన.
గోడ తొర్రల ఐసు ఫ్యాక్టరీ నాటి బెరడు పొర,
దానికి అంటుకొని ఒక చేప పొలుసు,
గోరంత, ఇంక మెరుస్తున్నది.
గుడ్డ తీసిన తుడుద్దామని.
మల్ల జేబుల పెట్టుకున్న.
కొత్త మిషను దానిమీదనే బిగించి
రిజిస్టర్ల తారీకు ఏసిన.